ఆలోచించే పని, నకలు రాసే పని: సర్కారు కొలువును రెండంతస్తులు చేసిన చార్లెస్ ట్రెవెలియన్

గ్రూప్-1లో నెగ్గినవారు డిప్యూటీ కలెక్టరో, డీఎస్పీయో అవుతారు. గ్రూప్-4లో నెగ్గినవారు జూనియర్ అసిస్టెంట్‌గా చేరతారు. ఒకే కార్యాలయంలో ఒకే ఫైలు ఇద్దరి చేతుల మీదుగానూ నడవొచ్చు. కానీ లోపలికి వచ్చిన తలుపు వేరు, జీతం మొదలయ్యే మెట్టు వేరు, రిటైరయ్యే నాటికి చేరగల ఎత్తు వేరు. తెలుగు రాష్ట్రాల్లో లక్షల మంది యువతీ యువకులు ఏళ్ల తరబడి కోచింగ్ కేంద్రాల్లో గడిపేది ఈ తేడా కోసమే. ప్రభుత్వోద్యోగం అంటే మొదటి నుంచీ ఇంతే అని చాలామంది అనుకుంటారు. అయితే ఒక్క పరీక్షతో మనిషిని ఒక తరగతిలో చేర్చి, ఆ తరగతిని బట్టి పని, జీతం, హోదా నిర్ణయించాలన్న ఆలోచన కాగితం మీదికి స్పష్టంగా వచ్చింది 1853 నవంబరు 23న. పట్టుమని పాతిక పేజీలు లేని ఆ నివేదిక కింద ఇద్దరి సంతకాలున్నాయి. ఒకరు స్టాఫర్డ్ నార్త్‌కోట్. రెండోవారు, దాని వెనుక అసలు చోదకశక్తి, చార్లెస్ ట్రెవెలియన్.

అవినీతిని చంపిన మనిషిగా ఒక దేశం ఆయనను గుర్తుపెట్టుకుంది. ఆకలి చావులకు కారకుడిగా మరో దేశం గుర్తుపెట్టుకుంది. ఈ రెండు దేశాల మధ్య భారతదేశం ఉంది. ఆయన ఉద్యోగ జీవితం మొదలైందీ, ముగిసిందీ ఇక్కడే.

ఢిల్లీలో తొలి పోరాటం

ట్రెవెలియన్ 1807లో ఇంగ్లండ్‌లోని టాంటన్‌లో పుట్టారు. తండ్రి చర్చి అధికారి. ఈస్టిండియా కంపెనీ తన కాబోయే ఉద్యోగులకు శిక్షణ ఇవ్వడానికి నడిపిన హెయిలీబరీ కాలేజీలో ఆయన చదివారు. ఆ కాలేజీలో సీటు దొరకాలంటే కంపెనీ డైరెక్టర్లలో ఎవరో ఒకరు పేరు ప్రతిపాదించాలి. అంటే సిఫారసులను జీవితాంతం ద్వేషించిన ఈ మనిషి కొలువులోకి వచ్చింది కూడా సిఫారసు దారినే.

1826లో బెంగాల్ సర్వీసులో చేరి ఢిల్లీకి వచ్చారు. మూడేళ్లకే, 22 ఏళ్ల వయసులో, తన పైఅధికారి అయిన ఢిల్లీ రెసిడెంట్ సర్ ఎడ్వర్డ్ కోల్‌బ్రూక్ మీద లంచాల ఆరోపణ చేశారు. కోల్‌బ్రూక్ దశాబ్దాలుగా కంపెనీ కొలువులో ఉన్న పెద్దమనిషి. ఢిల్లీలోని ఆంగ్ల సమాజం కుర్రాడినే వెలివేసినంత పని చేసింది. విచారణలో ఆరోపణలు రుజువయ్యాయి. కోల్‌బ్రూక్ ఉద్యోగం పోయింది. వ్యవస్థ మొత్తం ఎదురు నిలిచినా తన లెక్కే సరైనదన్న నమ్మకం ట్రెవెలియన్‌కు అప్పుడే కుదిరింది. ఆ నమ్మకం ఆ తర్వాత ఆయనను వదల్లేదు. మేలు చేసినప్పుడూ వదల్లేదు, కీడు చేసినప్పుడూ వదల్లేదు.

1831లో కలకత్తాకు మారారు. సరుకుల రాకపోకల మీద దేశం లోపలే వేసే సుంకాలు వ్యాపారాన్ని ఎలా పీల్చేస్తున్నాయో చూపిస్తూ నివేదిక రాశారు. భారతీయ భాషలన్నిటినీ రోమన్ లిపిలో రాయించాలని ఉద్యమించారు. ఆ ముచ్చట తీరలేదు. ఇంగ్లీషు చదువుల కోసం చేసిన వాదన మాత్రం నెగ్గింది. ఆ వాదనకు పెద్ద గొంతుక అయిన థామస్ మెకాలే చెల్లెలు హానాను 1834 డిసెంబరులో కలకత్తాలో పెళ్లాడారు. 1838లో కుటుంబంతో ఇంగ్లండ్ వెళ్లారు.

ట్రెజరీ బల్ల, ఐర్లాండ్ ఆకలి

1840లో బ్రిటన్ ఖజానా శాఖ అయిన ట్రెజరీలో అసిస్టెంట్ సెక్రటరీ అయ్యారు. పేరులో అసిస్టెంట్ ఉన్నా, శాఖలో శాశ్వత ఉద్యోగులందరికీ పైనున్న పదవి అది. 19 ఏళ్లు అక్కడే ఉన్నారు. 1845లో ఐర్లాండ్‌లో ఆలుగడ్డ పంటకు తెగులు సోకినప్పుడు సహాయక చర్యల ఖర్చు మీద అధికారం ఆయన బల్ల మీదికే వచ్చింది.

ఆయన స్వేచ్ఛా వాణిజ్యాన్ని వేదంలా నమ్మినవారు. ప్రభుత్వం చౌకగా తిండి పెడితే మార్కెట్ దెబ్బతింటుందని, జనం సోమరులవుతారని భావించారు. ఉచిత సాయానికి బదులు ఉపాధి పనులు పెట్టారు. 1847 వసంతంలో 7 లక్షల మందికి పైగా రోడ్లు వేస్తూ, రాళ్లు కొడుతూ కూలికి నిలబడ్డారు. కడుపులో తిండి లేనివారు చేసే ఆ పనికి దొరికే కూలి పెరిగిన ధరలకు చాలలేదు. ఆ పనులు ఆపేసి కొంతకాలం గంజి కేంద్రాలు నడిపారు. తర్వాత వాటినీ మూసి భారమంతా స్థానిక పన్నుల మీదికి నెట్టారు. దాదాపు 10 లక్షల మంది చనిపోయారు. మరో 10 లక్షల మంది దేశం విడిచిపోయారు. ట్రెవెలియన్ 1848లోనే కరువు ముగిసినట్లు పుస్తకం రాశారు. ఐర్లాండ్ సమాజాన్ని చక్కదిద్దడానికి దైవం పంపిన విపత్తుగా దాన్ని చూశారు. అదే ఏడాది ఆయనకు సర్ బిరుదు వచ్చింది. చావులు మాత్రం ఆగలేదు. ఐర్లాండ్ నేటికీ ఆయన పేరును పాటల్లో నిందతోనే తలుస్తుంది.

తప్పంతా ఒక్క అధికారిదేనని చరిత్రకారులందరూ అనరు. విధానం మంత్రులది. కానీ ఆ విధానాన్ని పైసా పైసా లెక్కగట్టి అమలు చేసిన చేయి ఆయనది.

ఇరవై పేజీలలో ఒక గీత

ఆ రోజుల్లో టైపు మిషను లేదు. ప్రతి ఉత్తరానికి, ప్రతి ఉత్తర్వుకు నకళ్లు చేత్తోనే రాయాలి. రాజకీయ నాయకుల బంధువులు, ఆశ్రితులు గుమాస్తాలుగా చేరేవారు. చురుకైనవాడైనా, మొద్దబ్బాయి అయినా ఏళ్ల తరబడి నకళ్లు రాస్తూ, సీనియారిటీతో పైకి జరిగేవాడు. పై పోస్టుకు చేరేసరికి చురుకైనవాడి బుర్ర కూడా మొద్దుబారేది. అసలైన బాధ్యత గల పదవులకు బయటి నుంచి మనుషులను తెచ్చుకోవాల్సి వచ్చేది. ట్రెజరీలో పనిభారం కింద నలిగిన ట్రెవెలియన్ ఈ లోపాన్ని 1848లోనే పార్లమెంటు కమిటీ ముందు పెట్టారు. అయిదేళ్ల తర్వాత ఆర్థిక మంత్రి గ్లాడ్‌స్టన్ ఆయనకూ నార్త్‌కోట్‌కూ ఆ పని అప్పగించారు.

వారి నివేదికలో ముఖ్యమైన అంశాలు నాలుగు. కేంద్ర బోర్డు నిర్వహించే బహిరంగ పోటీ పరీక్షతోనే నియామకాలు జరగాలి. ప్రమోషన్ ప్రతిభను బట్టి ఇవ్వాలి. ముక్కలు ముక్కలుగా ఉన్న శాఖలన్నీ ఒకే సర్వీసు కావాలి. నాలుగోది, ఎక్కువ కాలం నిలిచింది: ఆలోచించే పనిని, యాంత్రికమైన పనిని విడదీయాలి. మొదటిదానికి యూనివర్సిటీ చదువు స్థాయి పరీక్ష, రెండోదానికి మామూలు బడి చదువు స్థాయి పరీక్ష. వేర్వేరు పరీక్షలు, వేర్వేరు జీతాలు.

ఇందులో న్యాయం ఉంది. మంత్రిగారి మేనల్లుడు కాకపోయినా పరీక్ష రాసి కొలువు సంపాదించవచ్చని చెప్పిన నివేదిక ఇది. కానీ యూనివర్సిటీ గడప తొక్కగలిగే కుటుంబాలు అప్పుడు ఎన్ని? కులీనుల పిల్లలకు ఉద్యోగాలు పోతాయని భయపడినవారికి గ్లాడ్‌స్టన్, ట్రెవెలియన్ ఇద్దరూ దాదాపు ఒకే సమాధానం ఇచ్చారు. చదువుకున్న పెద్దింటి పిల్లలే పోటీలో ముందుంటారని, పై అంతస్తు వారి చేతుల్లోనే ఉంటుందని భరోసా ఇచ్చారు. పరీక్ష తలుపు తెరిచింది. ఏ అంతస్తు తలుపు ఎవరికి తెరుచుకుంటుందో చదువు, డబ్బు ముందే తేల్చేశాయి.

నివేదిక మీద గోల లేచింది. తపాలా శాఖలో పనిచేసే నవలాకారుడు ఆంథొనీ ట్రాలప్ 1858 నాటి నవలలో ట్రెవెలియన్‌ను పరీక్షల పిచ్చి ఉన్న అధికారి పాత్రగా మార్చి నవ్వించారు. 1855లో సివిల్ సర్వీస్ కమిషన్ ఏర్పడినా, బహిరంగ పోటీ బ్రిటన్‌లో సాధారణ నియమం కావడానికి 1870 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇక్కడ గీతకు రంగు అంటింది

భారతదేశంలో మాత్రం ఆగలేదు. 1853 చార్టర్ చట్టం కంపెనీ డైరెక్టర్ల సిఫారసు హక్కును రద్దు చేసింది. భార్య అన్నగారైన మెకాలే అధ్యక్షతన వేసిన కమిటీ పరీక్ష విధానాన్ని రూపొందించింది. 1855లో లండన్‌లో తొలి పరీక్ష జరిగింది.

ఇక్కడ అప్పటికే ఒక గీత ఉంది. కంపెనీతో ఒప్పందపత్రం మీద సంతకం చేసినవారు కవెనంటెడ్ ఉద్యోగులు, దాదాపు అందరూ తెల్లవారు. ఏడాదికి 500 పౌండ్లకు మించిన సివిల్ ఉద్యోగాలను 1793 చట్టం వారికే కట్టబెట్టింది. కచేరీని నిజంగా నడిపే శిరస్తాదార్లు, తహసీల్దార్లు, మున్షీలు, గుమాస్తాలు అన్‌కవెనంటెడ్. ట్రెవెలియన్ గీసిన మెదడు, చేతి గీత ఈ పాత జాతి గీత మీద సరిగ్గా అతికింది. పరీక్ష లండన్‌లోనే జరిగేది. 1855లో 23 ఏళ్లుగా ఉన్న గరిష్ఠ వయసు తగ్గుతూ 1878 నాటికి 19కి వచ్చింది. కాగితం మీద అందరికీ అవకాశం ఉంది. సముద్రం దాటి వెళ్లి నెగ్గిన మొదటి భారతీయుడు సత్యేంద్రనాథ్ టాగోర్, 1863లో.

మద్రాసు నుంచి వెనక్కి పిలుపు

1859 మార్చిలో ట్రెవెలియన్ మద్రాసు గవర్నరయ్యారు. నేటి కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆయన పాలన కింద ఉన్నాయి. 1857 తిరుగుబాటు ఖర్చుతో ఖజానా ఖాళీ అయింది. కలకత్తాలో ఆర్థిక సభ్యుడు జేమ్స్ విల్సన్ 1860 ఫిబ్రవరిలో దేశంలో తొలిసారి ఆదాయపు పన్ను ప్రతిపాదించారు. కొత్త పన్ను జనానికి అలవాటు లేనిదని, సైన్యం ఖర్చు తగ్గిస్తే చాలని ట్రెవెలియన్ వాదించారు. వాదన ఫైల్లో ఉంటే సరిపోయేది. ఆయన దాన్ని పత్రికలకు ఇచ్చారు. పై ప్రభుత్వాన్ని బహిరంగంగా ధిక్కరించినందుకు జూన్‌లో పదవి పోయింది. అధికారులకు క్రమశిక్షణ నేర్పిన మనిషి ఆ క్రమశిక్షణ తప్పే ఉద్యోగం పోగొట్టుకున్నారు. కానీ 1863లో అదే ఆర్థిక సభ్యుడి కుర్చీలో కలకత్తాకు తిరిగొచ్చారు. 1865లో ఆయన దిగిపోయిన ఏడాదే ఆ పన్ను గడువు ముగిసి ఆగిపోయింది.

ఇంగ్లండ్ చేరాక సైన్యంలో ఆఫీసర్ పదవులను డబ్బుకు కొనుక్కునే పద్ధతి మీద పోరాడారు. 1871లో అదీ రద్దయింది. 1886 జూన్‌లో లండన్‌లో కన్నుమూశారు.

పేర్లు మారాయి, మెట్లు మిగిలాయి

అదే 1886లో భారత ప్రభుత్వం చార్లెస్ ఎయిచిసన్ అధ్యక్షతన పబ్లిక్ సర్వీస్ కమిషన్ వేసింది. కవెనంటెడ్, అన్‌కవెనంటెడ్ అన్న పేర్లు తీసేసి ఇంపీరియల్, ప్రొవిన్షియల్, సబార్డినేట్ అన్న మూడంతస్తులు పెట్టాలని అది సూచించింది. వీటికి కింద బంట్రోతుల కొలువులను ఇన్ఫీరియర్, అంటే హీనం అనే మాటతోనే పిలిచేవారు. స్వాతంత్ర్యం వేళ వరదాచారియర్ అధ్యక్షతన పనిచేసిన తొలి వేతన సంఘం ఈ అవమానకరమైన పేర్లు మార్చాలంది. అవి క్లాస్-3, క్లాస్-4 అయ్యాయి. కరువు భత్యంతో కలిపి కనీస జీతం 55 రూపాయలు, గరిష్ఠం 2,000 రూపాయలు అని ఆ సంఘం 1947లో సిఫారసు చేసింది. తేడా 36 రెట్లు. 1970ల్లో క్లాసులు ఎ, బి, సి, డి గ్రూపులయ్యాయి. ఆరో వేతన సంఘం తర్వాత గ్రూప్-డి, గ్రూప్-సిలో కలిసిపోయింది. కేంద్ర ప్రభుత్వంలో ప్యూను మల్టీ టాస్కింగ్ స్టాఫ్ అయ్యారు. ఏడో వేతన సంఘం 18 లెవెల్స్ పట్టిక ఇచ్చింది. అందులో కింది మెట్టు 18,000 రూపాయలు, పై మెట్టు రెండున్నర లక్షలు. తేడా 14 రెట్లకు తగ్గింది. సరిహద్దులకు అవతల పాకిస్థాన్‌లో 22 గ్రేడ్లు, బంగ్లాదేశ్‌లో 20 గ్రేడ్లు ఉన్నాయి. మూడు దేశాలదీ వారసత్వం ఒకటే.

బ్రిటన్ తన గీతను తానే ప్రశ్నించుకుంది. తరగతుల గోడలు ప్రతిభను పైకి రానివ్వడం లేదని ఫుల్టన్ కమిటీ 1968లో తేల్చింది. ఆ తర్వాత అక్కడ క్లరికల్, ఎగ్జిక్యూటివ్, అడ్మినిస్ట్రేటివ్ తరగతులను కలిపేశారు. మన దగ్గర గోడకు కిటికీలు పెట్టారు. ఐఏఎస్‌లో మూడో వంతు పోస్టులు రాష్ట్ర సర్వీసుల నుంచి ప్రమోషన్‌తో భర్తీ అవుతాయి. కానీ కింది గ్రూపులో చేరిన గుమాస్తాకు ఆ కిటికీ చాలా దూరం.

ట్రెవెలియన్ విడదీయాలనుకున్న యాంత్రికమైన పని, అంటే చేత్తో నకలు రాయడం, టైపు మిషనుతో తగ్గి కంప్యూటరుతో పోయింది. నేటి జూనియర్ అసిస్టెంట్ నిబంధనలు చదివి నోట్ ఫైలు తయారుచేస్తారు, లెక్కలు సరిచూస్తారు, అర్జీదారుకు జవాబిస్తారు. ఆ కుర్చీలో కూర్చున్నవారిలో డిగ్రీలు, పీజీలు చేసినవారు ఎందరో. పని మారింది, మనిషి మారారు. ఇరవైల వయసులో రాసిన పరీక్ష ముప్ఫై ఏళ్ల తర్వాతి జీతాన్నీ నిర్ణయించాలా అన్నది వేతన సంఘాలు వచ్చిన ప్రతిసారీ ఉద్యోగ సంఘాలు అడిగే పాత ప్రశ్న. సిఫారసును చంపినందుకు ట్రెవెలియన్‌కు కొలువు ఆశించే ప్రతి పేదింటి బిడ్డా రుణపడి ఉంటుంది. ఆ బిడ్డ ఏ మెట్టు దగ్గర ఆగిపోవాలో ముందే రాసిపెట్టిన గీత కూడా ఆయనదే.