కోవిల్పట్టి నాగస్వరం: కారుకురిచ్చి అరుణాచలంగారి జీవితం

ఉగాది ఉదయాన మామిడాకు తోరణం కట్టి, వేపపువ్వు పచ్చడి కలిపి, పంచాంగ శ్రవణానికి కూర్చునే ముందు మన ఇండ్లలో మంగళవాద్యం వినిపించడం ఆచారం. ఇప్పుడది రికార్డు రూపంలోనే ఎక్కువగా వినిపిస్తున్నది. ఆ రికార్డులో వాయిస్తున్నది ఎవరని పిల్లలు అడిగితే జవాబు చెప్పగల పెద్దలు తగ్గిపోతున్నారు. కోవిల్పట్టి, కళుగుమలై, విరుదునగరం ప్రాంతాల తెలుగు కుటుంబాలకు ఆ జవాబు తెలియకపోవడం మరీ వెలితి. ఆ వాద్యకారులలో అగ్రగణ్యుడైన ఒకాయన మన కోవిల్పట్టిలోనే కాపురం ఉండి, మన పెద్దల మధ్యనే తిరిగి, చిన్న వయసులోనే గతించారు. ఆయనే నాగస్వర విద్వాంసులు కారుకురిచ్చి అరుణాచలంగారు.

ఆయన తెలుగువారు కారు. అయినా తెలుగువారి ఉగాది సంచికలో ఆయన చరిత్ర ఎందుకని ఎవరైనా అడగవచ్చు. ఆయన జీవితమంతా ఊదిన కీర్తనలలో అధికభాగం త్యాగరాజస్వామివి, అనగా తెలుగువి. నాగస్వరంలో మాట పలకదు. అయినా కీర్తన తెలిసినవాడికి ప్రతి అక్షరమూ వినిపిస్తుంది. మనలో చాలా ఇండ్లలో తెలుగు నోట ఉన్నది గాని చేతికి రాలేదు, మాట్లాడతాము, చదవలేము. అక్షరం లేకుండా భాష ఎలా నిలుస్తుందో తెలుసుకోవాలంటే ఈ వాద్యకారుని కథ మనకు దగ్గరిదే.

తిరునెల్వేలి జిల్లాలో, తామ్రపర్ణి నది పారే పచ్చని సీమలో, చేరన్మహాదేవికీ అంబాసముద్రానికీ మధ్య కారుకురిచ్చి అనే పల్లె ఉన్నది. అరుణాచలంగారు 1921లో అక్కడ జన్మించారు. నాగస్వరానికి పుట్టినిల్లు తంజావూరు సీమ అని ప్రసిద్ధి. కావేరి ఒడ్డు గుళ్లలో తరతరాలుగా మేళం వాయించిన వంశాలవారే పెద్ద విద్వాంసులుగా పేరు పొందేవారు. దక్షిణాన తామ్రపర్ణి సీమనుండి వచ్చిన కుర్రవాడు ఆ వరుసలో చేరడం అంత తేలిక కాదు. తండ్రికి ఈ వాద్యంమీద మక్కువ మెండు. కొడుకు చేత పట్టించినదీ ఆయనే. పిల్లవాడు మొదట తన ప్రాంతపు గురువులవద్దనే సరళీ వరుసలు, గీతాలు, కీర్తనలు నేర్చాడు.

ఆ రోజులలో నాగస్వరమంటే తిరువావడుదురై రాజరత్నం పిళ్ళైగారి పేరే మొదట చెప్పుకునేవారు. 1898లో పుట్టిన రాజరత్నంగారు తోడి రాగానికి చక్రవర్తి అనిపించుకున్నారు. 1940లో వచ్చిన కాళమేఘం అనే తమిళ చిత్రంలో కథానాయకుడుగా నటించారు. 1947 ఆగస్టు 14వ తేదీ రాత్రి ఢిల్లీలో స్వాతంత్ర్యం పుచ్చుకునే శుభసమయాన తిరువావడుదురై మఠం పంపిన మంగళవాద్యం ఆయనదే. అంతటి విద్వాంసుడు ఒక శుభకార్యానికి కారుకురిచ్చికి వచ్చినపుడు ఈ బాలుని వాద్యం విని, తనవెంట పంపమని తండ్రిని కోరారని ఆ సీమ పెద్దలు చెప్పుకుంటారు. ఏమైనా, బాలుడు గురువువెంట బయలుదేరాడు. అతని చదువంతా అక్కడినుండి మొదలైనది.

ఆ చదువు ఎలాటిదో మన పిల్లలకు కాస్త చెప్పాలి. బడిలోవలె గంట కొట్టి పాఠం చెప్పడం అందులో లేదు. శిష్యుడు గురువుగారి ప్రక్కన రెండవ నాగస్వరం పట్టుకుని కూర్చోవాలి. గురువు ఒక పలుకు పలికితే, అది ముగిసీ ముగియకముందే అందుకుని శ్రుతి చెడకుండా నిలబెట్టాలి. గురువు ఎటు మలుపు తిరుగుతాడో ముందుగా తెలియదు. రాత్రి ఊరేగింపులో మూల మూలకూ మేళం ఆగుతుంది. ఆగినచోట ఒక రాగం గంటలకొద్దీ సాగుతుంది. ఆ గంటలన్నీ శిష్యునికి పరీక్షే. తప్పు పలికితే వేలమంది వింటారు. సరిగా పలికితే మెప్పు గురువుగారికి పోతుంది. ఇలా ఏండ్ల తరబడి ప్రక్కన కూర్చుని నేర్చిన విద్య గనుకనే అది ఎముకలలో పట్టింది. రాజరత్నంగారి బాణీ యావత్తూ అరుణాచలంగారికి అలా సంక్రమించినదే. అయినా వారిని విన్న రసికులు గురువుగారి గాంభీర్యాన్ని ఎంత తలచేవారో, శిష్యుని నాదంలోని తీపినీ నిదానాన్నీ అంత మెచ్చేవారు.

ఇక వాద్యం సంగతి. నాగస్వరం చూడడానికి సాదా కర్రగొట్టం. కుంభకోణానికి దగ్గర నరసింగంపేట అనే ఊరు దీనికి పేరుపొందినది. అక్కడి ఆచార్లు పాత ఇండ్ల దూలాలనుండి తీసిన, ఏండ్లకేండ్లు ఎండిన ఆచ్చా కర్రతో దీనిని తరిణె పట్టి చేస్తారు. పచ్చికర్ర పగులుతుంది గనుక పాతకర్రకే గిరాకి. పైన వ్రేళ్లకు ఏడు రంధ్రాలు. క్రింద మరి ఐదు రంధ్రాలు. ఆ ఐదింటిని వ్రేళ్లతో మూయరు. అవసరాన్నిబట్టి మైనంతో పూడ్చి శ్రుతి సరిచేసుకుంటారు. అడుగున గరాటువంటి మూతి. ఊదే కొనలో రెల్లుతో చేసిన చిన్న పీక ఉంటుంది. దానిని సీవాళి అంటారు. ఎండకు ఆరిపోతే ఒక రకంగా, మంచుకు తడిస్తే మరొక రకంగా పలుకుతుంది గనుక, వాద్యానికి ఎప్పుడూ కొన్ని సీవాళులు దారంతో వ్రేలాడగట్టి ఉంచుకుంటారు. వాటితోపాటే సన్నని సూది ఒకటి. సగం స్వరాలకు మీటలు లేవు, తాళపుచెవులు లేవు. గమకమైనా, కోమల స్వరమైనా వ్రేలు రంధ్రంమీద ఎంత ఆనించాలో, పెదవి పీకను ఎంత నొక్కాలో, ఊపిరి ఎంత విడవాలో అన్నదే లెక్క.

పూర్వం అంతా వాయించినది తిమిరి అనే పొట్టి నాగస్వరం. దాని శ్రుతి హెచ్చు. వీధులలో, రథాల ముందు, వేల జనం మధ్య దూరానికి వినబడడానికి అది తగినది. రాజరత్నంగారికి ఆ హెచ్చు శ్రుతితో తృప్తి కలుగలేదు. గాయకుని గొంతుకు దగ్గరగా, గంభీరంగా పలికే వాద్యం కావాలని ఆయన పట్టుబట్టారు. నరసింగంపేటలో రంగనాథం ఆచారిగారు ఆయన కోరిక ప్రకారం పొడవూ గొట్టపు వైశాల్యమూ మార్చి, శుద్ధ మధ్యమం సరిగా పలికేటట్టు బారీ నాగస్వరాన్ని రూపొందించారు. బారీ దాదాపు మూడడుగుల వాద్యం. శ్రుతి తగ్గింది, నాదం పెరిగింది. కాని లాభం ఊరికే రాదు. గొట్టం పొడుగైతే రంధ్రాల మధ్య ఎడం పెరుగుతుంది, వ్రేళ్లు మరింత చాపాలి. నింపవలసిన గాలి ఎక్కువ, ఊపిరి ఎక్కువ ఖర్చు. తిమిరివలె అది వీధి చివరిదాకా చీల్చుకుపోదు. దగ్గర కూర్చుని వినేవారికే అందులోని బరువు తెలుస్తుంది. అరుణాచలంగారి తరం ఈ బారీ వాద్యాన్నే చేతబట్టింది. మందర స్థాయిలో ఆయన నిలిపిన స్వరం గుడి గంట మ్రోగి ఆగిన తరువాత మిగిలే నాదంవలె ఉండేదని రికార్డు వింటే మనకే తోస్తుంది.

వాద్యంతోపాటు వాద్యకారుని స్థానమూ మారవలసి ఉండెను. మేళగాండ్రు నిలబడి వాయించడం, పెద్దల ఎదుట పైపంచె నడుముకు చుట్టుకోవడం వంటి పద్ధతులు పూర్వం ఉండేవి. గాత్ర విద్వాంసునికి వేదిక, మేళకానికి వీధి అని భేదం. రాజరత్నంగారు దానికి ఎదురు తిరిగి, తక్కిన విద్వాంసులవలె వేదికమీద కూర్చునే వాయించారు. క్రాపు పెట్టి, కోటు తొడిగారు. గురువుగారు పోరాడి తెచ్చిన ఆ గౌరవాన్ని అరుణాచలంగారు తన నడవడితో నిలబెట్టారు. 1956 డిసెంబరులో రాజరత్నంగారు గతించిన తరువాత ఆ బాణీ వినాలంటే జనం ఈయనవైపే చూచారు.

అప్పటికే ఆయన నివాసం కోవిల్పట్టి. ఈ ఊరి సంగతి మనకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. నల్లరేగడి నేల, ప్రత్తి చేలు, అగ్గిపెట్టెల పరిశ్రమ, వేరుసెనగ మిఠాయి. మద్రాసునుండి తిరునెల్వేలికి పోయే రైలు దారి. పెండ్లిళ్ల ఋతువు వచ్చిందంటే వాద్యకారునికి ఇల్లు పట్టదు. నేడు ఒక ఊరిలో పెండ్లి, రేపు మరొక ఊరిలో కుంభాభిషేకం, ఎల్లుండి సభలో కచేరి. రాత్రి మల్లారితో స్వామిని బయటికి తెచ్చి, వీధులన్నీ తిరిగి, తెల్లవారేదాకా ఊది, పగలు ప్రయాణంలో కునుకు తీయడమే ఆ వృత్తి. డోలు విద్వాంసుని చేతులూ, నాగస్వర విద్వాంసుని ఊపిరితిత్తులూ ఈ వృత్తికి పెట్టుబడి. అది తరిగిపోయే పెట్టుబడి.

ఈ నల్లరేగడి సీమలోనే మరొక మహనీయుడు ఉండేవారు. విళాత్తికుళం స్వామి అని పేరుపొందిన నల్లప్ప స్వామిగారు 1889లో తెలుగు నాయకర్ల ఇంట పుట్టారు. సాహిత్యం జోలికి పోకుండా ఒక్క రాగాన్నే గంటలకొద్దీ ఆలాపించగల గాయకులు ఆయన. అరుణాచలంగారికి ఆ స్వామియందు గొప్ప భక్తి. కోవిల్పట్టికి చేరువలోని ఇడైసెవల్ గ్రామపు తెలుగు కుటుంబంలో పుట్టి, తమిళంలో గొప్ప కథకులైన కి. రాజనారాయణన్‌గారు ఈ ఇద్దరినీ ఎరిగినవారు, ఇద్దరి సంగీతానికీ దాసులు. 1991లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి పొంది 2021లో గతించిన ఈ రచయిత మన వలస కుటుంబాల కథనే నవలలుగా వ్రాశారు. తెలుగింటి గాయకుడు, తమిళ వాద్యకారుడు, తెలుగు మాతృభాషగాగల తమిళ రచయిత ఒక్క సీమలో, ఒక్క కాలంలో కలిసి రాగాలు పంచుకున్నారంటే ఈ నేల ఎటువంటిదో ఊహించుకోవచ్చు. కళుగుమలై కొండక్రింద కావడి చిందులు కట్టిన అన్నామలై రెడ్డియారుగారు కూడా ఈ కోవలోని వారే కదా.

అరుణాచలంగారి పేరు సంగీత సభలు దాటి ఇంటింటికీ చేరినది 1962లో. ఆ యేడు వచ్చిన కొంజుం సలంగై అనే తమిళ చిత్రంలో ఎస్. ఎం. సుబ్బయ్య నాయుడుగారి సంగీత దర్శకత్వాన ఒక పాట ఉన్నది. ఆభేరి రాగం. గొంతు ఎస్. జానకిగారిది, గొంతుతో పోటీపడి, గొంతును లాలించి, చివరికి గొంతుతో ఏకమైపోయే నాగస్వరం అరుణాచలంగారిది. తెరమీద జెమినీ గణేశన్ వాద్యం పట్టగా, సావిత్రి పాడుతుంది. ఆ చిత్రమే మురిపించే మువ్వలు అనే పేర తెలుగులో వచ్చింది. ఆరుద్రగారు మాటలు మార్చి వ్రాయగా, జానకిగారే మరల పాడారు. మాటలు మారినా నాగస్వరం మారలేదు. మార్చవలసిన అవసరమూ లేదు. గుంటూరు జిల్లా ఆడపడుచులు ఇద్దరూ, తామ్రపర్ణి సీమ వాద్యకారుడూ కలిసిన ఆ పాట నేటికీ ఉభయ భాషలలో వినబడుతూనే ఉన్నది. ఆ పాటను పాడి చూపడం జానకిగారి తరువాతి గాయనులకు ఒక పరీక్షగా మారింది.

కీర్తి శిఖరాన ఉండగానే దీపం ఆరిపోయింది. 1964 ఏప్రిల్ నెలలో, నలభై మూడవ యేట, అరుణాచలంగారు పరమపదించారు. గురువుగారు పోయి ఎనిమిదేండ్లు నిండలేదు. మరుసటి యేడు, 1965లో, విళాత్తికుళం స్వామీ కాలం చేశారు. పద్నాలుగు నెలల పసివాడికైనా నిద్రపట్టించే ఆ నాదమూ, పండిత సభను కదలకుండా కూర్చోబెట్టే ఆ రాగాలాపనా కోవిల్పట్టి సీమనుండి ఒక్కసారిగా తొలగిపోయాయి. మిగిలినవి రికార్డులు, ఆకాశవాణి ధ్వనిముద్రణలు, విన్నవారి జ్ఞాపకాలు. విన్నవారూ ఇప్పుడు తగ్గిపోయారు.

ఆ విద్య ఆయనతో అంతమైపోలేదు. ఒంగోలుకు సమీపాన కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానాగారు రాజరత్నంగారి బాణీకి ముగ్ధులై, తెలుగునాట వంశపారంపర్యంగా వచ్చిన విద్య చాలదని తంజావూరు సీమకు వెళ్లి, నాచ్చియార్‌కోయిల్ గురువులవద్ద మరల శిష్యుడై నేర్చుకున్నారు. తరువాత శ్రీరంగంలో స్థిరపడి, 1982లో అక్కడ పాఠశాల నెలకొల్పి శిష్యులను తయారుచేశారు. 1998లో సంగీత కళానిధి బిరుదు పొంది, 1999లో గతించారు. తెలుగు కీర్తన దక్షిణానికి వచ్చి నాగస్వరంలో పండితే, ఆ పంటను కోసుకోవడానికి తెలుగువాడు ఇల్లు విడిచి దక్షిణానికి వచ్చాడన్నమాట. మనబోటి వలస కుటుంబాలకు ఈ రాకపోకలు కొత్త కావు.

నరసింగంపేట నాగస్వరానికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది. సంతోషమే. కాని గుర్తింపు పత్రం ఊపిరి పోయదు. ఊదేవాడు కావాలి, ప్రక్కన కూర్చుని నేర్చేవాడు కావాలి, ఎదుట కూర్చుని వినేవాడు కావాలి. పెండ్లిలో తాళి కట్టే క్షణాన మేళం గట్టిగా మ్రోగితే చాలునని, తక్కిన సమయమంతా మనం మాటలలో మునిగి ఉంటాము. రాగం ఎత్తుకున్న వాద్యకారుడు ఎవరికోసం వాయిస్తున్నాడో తెలియక త్వరగా ముగిస్తాడు. తప్పు అతనిది కాదు.

కనుక ఈ ఉగాదికి ఒక చిన్న విన్నపం. ఈ యేడు మన ఇండ్లలో జరిగే పెండ్లికో, గృహప్రవేశానికో సజీవమైన మేళాన్నే పిలుద్దాము. పిల్లలను ముందు వరుసలో, వాద్యానికి దగ్గరగా కూర్చోబెడదాము. సీవాళిని ఎలా తడుపుతారో, వ్రేలు రంధ్రంమీద ఎలా జారుతుందో చూడనిద్దాము. ఆ కీర్తన ముగిసిన తరువాత, దాని తెలుగు మాటలు ఏమిటో ఇంటి పెద్దలు ఒకసారి నోటితో చెప్పి వినిపించాలి. అవ్వకు తెలియకపోతే తాతనడగండి. తాతకూ తెలియకపోతే ఇద్దరూ కలిసి నేర్చుకోండి. కోవిల్పట్టిలో కాపురముండి మన మాటను తన ఊపిరితో మోసిన ఆ విద్వాంసునికి మనం తీర్చగల ఋణం ఇంతే.