క్రేను బొమ్మ చేసిన గుమస్తా

 

కిందటి నెల మన హాస్టలుకి ఎవరో దాతలు ఒక అట్టపెట్టె నిండా ప్లాస్టిక్ ఇటుకల బొమ్మలు పంపించారు గదా. ఒకదాని నెత్తి మీద ఒకటి పెట్టి నొక్కితే టిక్కుమని అతుక్కుంటాయే, అవి. మూడో తరగతి, నాలుగో తరగతి పిల్లల కోసమని వచ్చాయి. కానీ రాత్రి స్టడీ అవర్ అయిపోయాక వాటి దగ్గర కూర్చున్నది ఎవరంటే మన వంట బాబాయి. మనకి వంట చెయ్యడానికి రాకముందు ఆయన విశాఖపట్నం హార్బరులో కళాసీగా పనిచేశాడు. అప్పుడు రోజూ చూసిన క్రేనుని ఆ ఇటుకలతో కట్టాడు. రెండు రాత్రులు పట్టింది. కొక్కేనికి పురికొస కట్టి, ఒక అగ్గిపెట్టెను పైకి లేపి, ఈ పక్క నుంచి ఆ పక్కకి తిప్పి దింపాడు కూడా. మా తరగతి వాళ్ళం నోరెళ్ళబెట్టి చూశాం. ఇంతలో పెద్ద తరగతి అన్నయ్యలు కొందరు వచ్చి నవ్వారు. ఇంత వయసు వచ్చిన మనిషికి బొమ్మలాటలేటి అన్నారు. బాబాయి ఏమీ అనలేదు. క్రేను విప్పేసి ముక్కలన్నీ పెట్టెలో వేసేశాడు.

అందుకని ఈ నెల జీవిత చరిత్ర శీర్షికలో నేను ఒక బొమ్మల మనిషి గురించి రాస్తున్నాను. ఆయన కూడా రేవు పట్నం వాడే. ఆయన మొదలుపెట్టింది కూడా క్రేనుతోనే. పేరు ఫ్రాంక్ హార్న్‌బీ.

హార్న్‌బీ 1863 మే 15న ఇంగ్లండు దేశంలోని లివర్‌పూల్‌లో పుట్టాడు. లివర్‌పూల్ అంటే మెర్సీ నది సముద్రంలో కలిసే చోట ఉన్న పెద్ద ఓడరేవు. మన విశాఖ హార్బరు తెరిచింది 1933లో. జలదుర్గ అనే ఓడ ముందుగా లోపలికి వచ్చింది. లివర్‌పూల్ అంతకంటే రెండు వందల ఏళ్ళ ముందు నుంచీ డాక్‌లు ఉన్న ఊరు. పత్తి, ధాన్యం, మాంసం, కలప అన్నీ అక్కడే దిగేవి. ఎటు చూసినా ఓడల స్తంభాలు, సరుకు ఎత్తే యంత్రాలు.

తండ్రి పేరు జాన్. ఆహార సరుకుల వర్తకుడు. ఫ్రాంక్‌కి చదువు మీద అంత ఇష్టం ఉండేది కాదంట. పదహారేళ్ళకే బడి మానేసి తండ్రి దగ్గరే క్యాషియరుగా చేరాడు. ఇంజనీరింగు కాలేజీ మొహం చూడలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. 1887లో క్లారా అనే టీచరమ్మని పెళ్ళి చేసుకున్నాడు. రోలండ్, డగ్లస్ అని ఇద్దరు కొడుకులు, తరవాత ఒక కూతురు. 1899లో తండ్రి చనిపోయాడు, దుకాణం మూతబడింది. ఫ్రాంక్ డేవిడ్ ఎలియట్ అనే మాంసం దిగుమతి వ్యాపారి దగ్గర గుమస్తాగా చేరాడు. పగలంతా లెక్కల పుస్తకాలు. వయసు ముప్పై ఆరు. ఆ వయసుకి గుమస్తాగా చేరినవాడు గుమస్తాగానే రిటైరు అవుతాడని ఎవరైనా అనుకుంటారు.

సాయంత్రం ఇంటికొచ్చాక మాత్రం ఆయన వేరే మనిషి. లోహపు రేకులు కత్తిరించి, మడిచి, కొడుకుల కోసం బొమ్మలు చేసేవాడు. వంతెనలు, బండ్లు, క్రేన్లు. పిల్లల కోసం అని పేరే గానీ తనకే ఎక్కువ సరదా అని నేననుకుంటాను. పిల్లలు నిద్దరపోయాక కూడా మేలుకుని రేకులు కోసేవాడు పిల్లల కోసమే కోస్తున్నాడంటే నమ్మబుద్ధి కాదు.

అయితే ఒక చిక్కు ఉంది. ఒక క్రేను చెయ్యాలంటే దానికి సరిపోయే ముక్కలు కొయ్యాలి. అది పూర్తయ్యాక వంతెన కావాలంటే మళ్ళీ కొత్త ముక్కలు. కష్టపడి కోసిన ప్రతి ముక్కా ఒకే బొమ్మకి పనికొచ్చేది. ఒకసారి రైల్లో పోతూ ఆలోచిస్తుంటే ఆయనకి దారి దొరికిందని చెప్పుకుంటారు. ముక్కలన్నీ ఒకే వెడల్పు ఉండాలి, అర అంగుళం. ముక్క పొడవునా కన్నాలు ఉండాలి, కన్నానికీ కన్నానికీ మధ్య దూరం కూడా ఎప్పుడూ అర అంగుళమే. అప్పుడు ఏ ముక్క కన్నం ఏ ముక్క కన్నం మీద పెట్టినా సరిపోతుంది. చిన్న బోల్టు దూర్చి నట్టు బిగిస్తే చాలు. ఇవాళ క్రేను, రేపు విప్పేసి వంతెన, ఎల్లుండి గడియారం. ముక్కలు అవే.

ఇది చదవగానే ఇంతేనా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. కానీ గాజువాక దాటాక కనబడే ఉక్కు ఫ్యాక్టరీలో చేసే పని ఏమిటి? ఒక కొలతకి కడ్డీలు, దూలాలు చెయ్యడమే. ఆ కొలత అందరికీ ఒకటే గనక ఆ ఇనుముతో ఒకడు ఇల్లు కడతాడు, ఒకడు వంతెన కడతాడు. హార్న్‌బీ ఆ పద్ధతిని ఒక చిన్న డబ్బాలోకి తెచ్చాడు.

1901 జనవరిలో పేటెంటు తీసుకున్నాడు. దానికి చేతిలో డబ్బు లేదు. యజమాని ఎలియట్ దగ్గర 5 పౌన్లు అప్పు చేశాడు. చూడండి, నౌకరు వచ్చి బొమ్మల కోసం అప్పు అడిగితే ఏ షావుకారైనా ఏమంటాడు? ఎలియట్ మాత్రం అప్పు ఇచ్చాడు, తన ఆఫీసు పక్కనే చోటు కూడా ఇచ్చాడు, తర్వాత భాగస్తుడిగా చేరాడు. నా లెక్కలో ఈ కథలో సగం పేరు ఎలియట్‌కి రావాలి. నవ్వకుండా ఉన్నవాడు ఆయన.

1902లో పెట్టెలు అమ్మకానికి వచ్చాయి. పేరు మెకానిక్స్ మేడ్ ఈజీ, అంటే యంత్రవిద్య సులువుగా అని. అందులో 16 రకాల ముక్కలు, 12 బొమ్మలు ఎలా కట్టాలో చూపించే చిన్న పుస్తకం. మొదట్లో ముక్కలు మొరటుగా ఉండేవి. రేకు పల్చన, అంచులు సరిగ్గా ఉండేవి కావు. వర్తకులు పెద్దగా పట్టించుకోలేదు. అప్పుడు హార్న్‌బీ లివర్‌పూల్ యూనివర్సిటీ ఇంజనీరింగు ప్రొఫెసరు హీల్‌షా దగ్గరికి తీసుకెళ్ళి చూపించాడు. పదహారేళ్ళకి బడి మానేసిన గుమస్తా ప్రొఫెసరు బల్ల మీద బొమ్మలు పెట్టాడన్నమాట. ఆ పెద్దమనిషి బాగుందని సిఫారసు రాసి ఇచ్చాడు. దానివల్ల కొంచెం గుర్తింపు వచ్చింది. అయినా లాభం కళ్ళజూసింది 1906లోనే. 1907లో మెకానో అని కొత్త పేరు రిజిస్టరు చేశాడు. ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాడు. అప్పటికి నలభై నాలుగేళ్ళు.

ఆ తర్వాత సంగతులు గబగబా చెప్పేస్తాను, డబ్బు వచ్చాక కథలన్నీ ఒకేలాగ ఉంటాయి. 1908లో కంపెనీ. 1914లో లివర్‌పూల్‌లోనే బిన్స్ రోడ్డులో పెద్ద ఫ్యాక్టరీ. 1916లో మెకానో మ్యాగజైను. మన గోడ పత్రిక లాగే అందులో కూడా ఎవరు ఏం కట్టారో రాసేవారు, కాకపోతే అది అచ్చు పత్రిక. 1920లో హార్న్‌బీ రైలు బొమ్మలు. తర్వాత డింకీ అనే చిన్న చిన్న కార్లు. 1931లో పార్లమెంటు సభ్యుడు కూడా అయ్యాడు, నాలుగేళ్ళు ఉన్నాడు.

ఒక లోపం కూడా రాయాలి. ఆ పెట్టెల మీద ఎప్పుడూ మగపిల్లల బొమ్మలే. మ్యాగజైను కూడా అబ్బాయిల్నే పిలిచేది. ఫ్యాక్టరీలో ఆ ముక్కలు తయారు చేసి పెట్టెల్లో సర్దినవాళ్ళలో చాలామంది ఆడవాళ్ళే. పెట్టె సర్దిన అక్క దాంతో క్రేను కట్టగలదని ఎవరికీ తోచలేదు కాబోలు. మన హాస్టలు పెట్టె మీద అందరూ పడొచ్చు, అదొకటి నయం.

ఇప్పుడు అసలు సంగతి. ఈ మెకానోతో పెద్దవాళ్ళు ఏం చేశారో వినండి.

మాంచెస్టర్ యూనివర్సిటీలో డగ్లస్ హార్ట్‌రీ అనే శాస్త్రవేత్త ఉండేవాడు. పరమాణువు లోపల ఎలక్ట్రాన్లు ఎలా ఉంటాయో లెక్క కట్టడం ఆయన పని. ఆ లెక్కలు చేత్తో వేస్తే నెలలు పట్టేవి. కంప్యూటర్లు ఇంకా లేవు. 1933లో ఆయన అమెరికా వెళ్ళి అక్కడ వెన్నెవార్ బుష్ అనే ప్రొఫెసరు కట్టిన ఒక లెక్కల యంత్రం చూశాడు. అది గది అంత ఉంది, ఖర్చు చాలా ఎక్కువ. హార్ట్‌రీకి మాత్రం అది చూడగానే మెకానో గుర్తొచ్చింది. తిరిగొచ్చి, 1934లో ఆర్థర్ పోర్టర్ అనే విద్యార్థితో కలిసి ఎక్కువ భాగం మెకానో ముక్కలతోనే అలాంటి యంత్రం కట్టాడు. ఖర్చు సుమారు 20 పౌన్లు.

అది ఎలా పనిచేస్తుందంటే, ఒక పళ్ళెం గుండ్రంగా తిరుగుతుంటుంది. దాని మీద ఒక చిన్న చక్రం నిలబడి ఉంటుంది. చక్రం పళ్ళెం అంచు దగ్గర ఉంటే జోరుగా తిరుగుతుంది, మధ్యకి జరిపితే నెమ్మదిస్తుంది, సరిగ్గా నడిమధ్యకి వస్తే ఆగిపోతుంది. రంగులరాట్నం అంచున కూర్చుంటే కళ్ళు తిరుగుతాయి, మధ్య గుంజ దగ్గర అంత తిరగవు గదా, అదే సూత్రం. చక్రాన్ని అటూ ఇటూ జరుపుతూ పోతే మొత్తం ఎన్ని చుట్లు తిరిగిందో అదే లెక్కకి జవాబు. ఇలాంటి చక్రాలు కొన్ని కడ్డీలతో, పళ్ళ చక్రాలతో కలిపితే పెద్ద పెద్ద సమీకరణాలు తేలిపోతాయి. జవాబులో తప్పు నూటికి రెండు పాళ్ళు మాత్రమే. ఆడుకునే సామానుతో పరమాణువు లెక్క కట్టారు! దాన్ని చూసిన ఒక దాత డబ్బు ఇస్తే మరుసటి ఏడాది అసలైన పెద్ద యంత్రం తయారైంది. హార్ట్‌రీని ఎవరైనా ఎగతాళి చేశారో లేదో గానీ ఆయన మాత్రం విప్పి పెట్టెలో పెట్టెయ్యలేదు.

హార్న్‌బీ 1936 సెప్టెంబరు 21న చనిపోయాడు. గుండె జబ్బు, దాంతోపాటు షుగరు. లివర్‌పూల్ దగ్గర మాగల్ అనే ఊళ్ళో చర్చి ఆవరణలో సమాధి ఉంది. ఆయన పోయిన చాలా కాలానికి, 1979 నవంబరులో, బిన్స్ రోడ్డు ఫ్యాక్టరీని ఉన్నపళంగా మూసేశారు. పనిచేసేవాళ్ళకి ముందుగా చెప్పనైనా లేదు. ఫ్యాక్టరీ అంటే జనం బతుకు అని విశాఖ వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. మెకానో పేరు మాత్రం చేతులు మారి మారి బతికే ఉంది. మన దేశంలో కూడా మెకానిక్స్ అనే పేరుతో ఇలాంటి కన్నాల రేకుల పెట్టెలు వచ్చాయి.

మరి మన పెట్టెలో ఉన్న ప్లాస్టిక్ ఇటుకలు ఎక్కడివి? అవి వేరే దేశానివి. డెన్మార్క్‌లో బిలుండ్ అనే పల్లెటూళ్ళో ఓలె కిర్క్ క్రిస్టియన్‌సెన్ అనే వడ్రంగి ఉండేవాడు. 1932లో ఇళ్ళు కట్టించుకునేవాళ్ళు లేక చెక్క బొమ్మలు చెయ్యడం మొదలుపెట్టాడు. మన ఏటికొప్పాకలో అంకుడు కర్రతో చేసినట్టు. ఆయన కంపెనీయే లెగో. ఇప్పుడున్న పద్ధతిలో గట్టిగా పట్టుకునే ఇటుకకి 1958 జనవరిలో కొడుకు పేటెంటుకి దరఖాస్తు పెట్టాడు, ఆ మార్చిలోనే తండ్రి కన్ను మూశాడు. అదే కొలతతో ఇప్పటికీ చేస్తున్నారు. 1958 ఇటుక మీద ఇప్పటి ఇటుక పెడితే సరిపోతుంది. 2020 నుంచి ఆ కంపెనీ 18 ఏళ్ళు దాటినవాళ్ళ కోసమని రాసి మరీ కొన్ని పెట్టెలు అమ్ముతోంది. అంటే పెద్ద తరగతి అన్నయ్యలకి కూడా ఆ పెట్టెలు ముట్టుకునే వయసు ఇంకా రాలేదు!

1996లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి పంచుకున్న హ్యారీ క్రోటో మెకానోనే మెచ్చుకునేవాడు, నట్టు బిగిస్తేనే చేతికి పని తెలుస్తుందని, లెగోతో అది రాదని ఆయన అభిప్రాయం. నేను ఒప్పుకోను. మా బాబాయి క్రేను చూసి ఉంటే ఆయన కూడా కొంచెం తగ్గేవాడు.

2009లో ఇంగ్లండులో జేమ్స్ మే అనే టీవీ మనిషి రెండు పనులు చేశాడు. ఒకటి, సుమారు వెయ్యిమంది మనుషుల్ని పోగేసి 33 లక్షల లెగో ఇటుకలతో రెండంతస్తుల నిజం ఇల్లు కట్టించి అందులో ఒక రాత్రి పడుకున్నాడు. తర్వాత కొనేవాళ్ళు దొరక్క ఆ ఇల్లు విప్పేశారు. రెండోది, లివర్‌పూల్‌లో ఒక కాలవ మీద మెకానో ముక్కలతో వంతెన. నమూనా వేసింది లివర్‌పూల్ యూనివర్సిటీ ఇంజనీరింగు విద్యార్థులు, అంటే వందేళ్ళ కిందట ప్రొఫెసరు హీల్‌షా పాఠం చెప్పిన చోటే. సుమారు లక్ష ముక్కలు పట్టాయి. అన్నీ అర అంగుళం లెక్కలోవే. దాని మీద ఒక పెద్దమనిషి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి నడిచి దాటాడు.

మన పెట్టె స్టోరు గదిలో బియ్యం బస్తాల పక్కన ఉంది. తాళంచెవి బాబాయి దగ్గరే ఉంటుంది. ఆదివారం మాంసం కూర అయ్యాక ఖాళీగానే ఉంటానన్నాడు.

— తొమ్మిదో తరగతి, బి సెక్షన్