స్నేహం అడిగిన దోర్నకల్ బిషప్

పెద్దవారి తప్పును వారి ముందే, వారిని దూరం చేసుకోకుండా చెప్పడం సంఘంలోనైనా ఆఫీసులోనైనా నాయకునికి కత్తిమీద సామే. 1910 జూన్‌లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో వేదనాయగం శామ్యూల్ అజరయ్య ఆ పని చేశారు. ప్రతినిధులు వెయ్యిమందికి పైనే, ఆసియావారు మాత్రం కొద్దిమందే. ఆయన వయస్సు 35 ఏళ్లు.

విదేశీ మిషనరీలకూ, వారితో పనిచేసే భారతీయ సేవకులకూ మధ్యనున్న దూరాన్ని ఆయన దాచలేదు. ఏళ్ల తరబడి కలిసి సేవ చేసినా ఒకరింట ఒకరు భోజనానికి కూర్చోని సంగతిని వారి ఎదుటే చెప్పారు. మనమైతే పొగడ్తతో మొదలుపెట్టి అసలు మాట మింగేస్తాం! ఆయన కఠినమైన మాట ముందు చెప్పి, మిషనరీల త్యాగానికి కృతజ్ఞత చివరికి ఉంచారు. ఆస్తినంతా పంచిపెట్టినా ప్రేమ లేకపోతే వ్యర్థమన్న కొరింథీ మొదటి పత్రిక 13వ అధ్యాయం ఆ సభలో అందరికీ కంఠతా వచ్చినదే. దాని మీదనే నిలబడి, ప్రేమ కావాలి, స్నేహితులు కావాలి అని అడిగారు. కొందరు నొచ్చుకున్నారు. కానీ ఆ మహాసభ అనగానే నేటికీ గుర్తుకొచ్చేది ఆ ప్రసంగమే.

అజరయ్య 1874లో తిరునెల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విళైలో ఒక గురువుగారి ఇంట పుట్టారు. వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా ఊరూరా తిరిగారు. 1909లో నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కు మిషనరీగా వచ్చారు. మాతృభాష తమిళం. ఇక్కడివారిది తెలుగు, అందులోనూ చదువు రాని పేద మాల, మాదిగ కుటుంబాలు. పెద్ద సభల్లో ఇంగ్లీషులో మెప్పించిన మనిషి ఆ వయస్సులో తెలుగు నేర్చుకోవడానికి కూర్చున్నారు. ఎడిన్‌బరో ప్రసంగం కన్నా ఇదే గొప్పదని మాకనిపిస్తుంది.

1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే. పల్లెల్లో ఆయన బోధ సూటిగా ఉండేది. మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగింటికీ దయ్యాలని పేరుపెట్టారు. అక్షరం రానివారికి కూడా అవి వేళ్లమీద గుర్తుండేవి. బాప్తిస్మం పొందేవారి చేత తలమీద చెయ్యి పెట్టించి, సువార్త చెప్పే భారం తమదేనని పలికించేవారు.

దోర్నకల్‌లో ఆయన కట్టించిన ఎపిఫనీ దేవాలయం 1939లో ప్రతిష్ఠించబడింది. గుమ్మటాలు మసీదును, స్తంభాలు గుడి మండపాన్ని తలపిస్తాయి. 1945 జనవరి 1న ఆయన దోర్నకల్‌లోనే కన్నుమూశారు.