మనోగాయానికి కీర్తన

దొంకేశ్వర్ చుట్టుపక్కల పల్లెల్లో ఎవరికైనా దెబ్బ తగిలితే ముందుగా చేయి వెళ్లేది పసుపు డబ్బా మీదికే. మరి మనసుకు తగిలిన దెబ్బకు ఏమి పూయాలి? పంటకు ధర రాక కుంగిన రైతుకు, గల్ఫ్‌లో ఉన్న కొడుకు ఫోను కోసం రాత్రంతా మేలుకొని ఉన్న తల్లికి సంఘం ఏమి ఇవ్వగలదు? ఈ విషయంలో పురుషోత్తమ చౌదరి గారి జీవితం మనకు దారి చూపుతుంది.

ఆయన 1803లో నాటి గంజాం జిల్లా పర్లాకిమిడి ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబంలో జన్మించారు. పూర్వీకులు వంగదేశం వారైనా ఆయన తెలుగులో పండితులయ్యారు. ముక్తి మార్గం కోసం ఎంతో వెదికారు. చేతికందిన క్రైస్తవ రచనలు ఆయనను ప్రభువు వైపు నడిపించగా, 1833లో బాప్తిస్మం పొందారు. అగ్రకులంలో పుట్టినవాడు ఆ రోజుల్లో బాప్తిస్మం పొందితే బంధువులూ, ఊరివారూ దూరమయ్యేవారు. ఆ వేదన ఆయనకూ తప్పలేదు.

అయితే ఆయన తన భాషను, తన సంగీతాన్ని విడిచిపెట్టలేదు. పల్లవి, అనుపల్లవి, చరణాలతో మన రాగతాళాల్లో వందకు పైగా కీర్తనలు రచించారు. విశాఖపట్నం, శ్రీకాకుళం, బరంపురం ప్రాంతాల్లో సువార్త ప్రకటించారు. తెలుగు క్రైస్తవ పదకవితా పితామహుడని పేరు పొంది, 1890లో ప్రభువునందు నిద్రించారు. చదువు రానివారు సైతం ఆ కీర్తనలు విని కంఠస్థం చేశారు. నేటికీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో వాటిని పాడుకుంటున్నాం.

వాటిలో ‘త్రాహిమాం’ కీర్తన అందరికీ తెలిసినదే. ఆ మాటకు నన్ను రక్షించుము అని అర్థం. అంతా బాగుందని చెప్పి దుఃఖాన్ని కప్పిపుచ్చే పాట కాదది. తన నిస్సహాయతను దేవుని యెదుట ఒప్పుకొనే మొర. మాటల్లో చెప్పుకోలేని బాధను కుంగినవాడు ఇలాంటి పాటలో చెప్పుకోగలడు. పక్కనున్నవారు కూడా అదే మొర పెడుతుంటే తాను ఒంటరిని కాననే ధైర్యం కలుగుతుంది.

శరీరానికీ ఇందులో మేలుంది. నిదానంగా పాడేటప్పుడు శ్వాస దీర్ఘమవుతుంది, గుండె వేగం నెమ్మదిస్తుంది, కండరాల బిగువు సడలుతుంది. పక్షవాతంతో మాట పోయినవారిలో కొందరు తెలిసిన పాటను పాడగలుగుతారు. మతిమరుపు జబ్బులో పిల్లల పేర్లు మరచిన వృద్ధులు కూడా చిన్ననాటి కీర్తన వినగానే పెదవులు కదుపుతారు. అందుకే నేడు అనేక ఆసుపత్రుల్లో సంగీతాన్ని చికిత్సకు తోడుగా వాడుతున్నారు.

తోడుగా అన్న మాటను గమనించండి. దావీదు సితారా వాయించినప్పుడు సౌలుకు నెమ్మది కలిగిందని 1 సమూయేలు 16వ అధ్యాయం చెబుతుంది. రెండు అధ్యాయాల తరువాత, దావీదు వాయిస్తుండగానే సౌలు అతని మీదికి ఈటె విసిరాడు. పాట ఉపశమనమిచ్చింది గాని రోగాన్ని పూర్తిగా తీసివేయలేదు. కాబట్టి దిగులుతో నిద్రాహారాలు మానినవారిని, చనిపోవాలని ఉందనేవారిని కీర్తనలు పాడుకోమని చెప్పి పంపివేయకూడదు. వారిని ఒంటరిగా వదలక వైద్యుని దగ్గరకు తీసుకొనిపోవాలి. ప్రభుత్వం నడిపే టెలి మానస్ ఉచిత నంబరు 14416కు తెలుగులోనే ఫోను చేయవచ్చు. మందు వేసుకోవడం విశ్వాస లోపం కాదు.

సంఘ పెద్దలారా, ప్రతి ఆరాధనలోనూ చప్పట్ల పాటలే అయితే దుఃఖంలో ఉన్నవారు ఎప్పుడు పాడాలి? వారానికి ఒక్కటైనా మొర పెట్టే కీర్తనను నిదానంగా పాడించండి. కొన్ని వారాలుగా మందిరానికి రాని వ్యక్తి ఇంటికి ఇద్దరు ముగ్గురు వెళ్లండి. మైకు వద్దు, ప్రసంగం వద్దు. వారికి ఇష్టమైన పాత కీర్తన ఒకటి మెల్లగా అందుకోండి. వారు పాడితే కలిసి పాడండి, ఏడిస్తే పక్కన కూర్చోండి. ఇంటివారికి దూరమైన పురుషోత్తమ చౌదరి గారు మనకు విడిచివెళ్లిన కీర్తనలు ఆ గదిలో మరొకరి ఒంటరితనానికి తోడుంటాయి. నలిగిన హృదయముగలవారికి సమీపముగా ఉన్న దేవుడు మీ పరిచర్యను దీవించును గాక. ఆమేన్.