శ్రీశైలం బాటన ఏనుగుల వీరాస్వామి

నల్లమల కొండల నడుమ శ్రీశైలమునకు సాగిపోవు ఘాట్ రోడ్డు మన ప్రాంతమునకు ప్రకృతి ప్రసాదించిన అందాలలో ఒకటి. వానలు వెనుకబట్టి అడవి పచ్చబడిన దినాలలో కర్నూలు, కడపల నుండి యువకులు మోటారు సైకిళ్లపై బయలుదేరి, దోర్నాల దాటిన పిమ్మట వచ్చు మలుపులను, లోయలను చూచి ఆనందించి వస్తూ ఉంటారు. దోర్నాల నుండి శ్రీశైలమునకు సుమారు 50 కిలోమీటర్లు. దారి పెద్దపులుల అభయారణ్యంలో నుండి పోవుటచే రాత్రివేళ వాహనాలను నిలిపివేస్తారు. అది నేటి ప్రయాణికునికి నియమం. మిగిలినదంతా ఒక పూట ప్రయాణమే.

ఇదే నల్లమలను 1830వ సంవత్సరంలో దాటి, తాను చూచినదానిని చూచినట్లుగా తెలుగులో వ్రాసిపెట్టిన మహనీయుడు ఒకడున్నాడు. ఆయనే కాశీయాత్ర చరిత్ర కర్త ఏనుగుల వీరాస్వామి. తెలుగు సాహిత్య చరిత్ర చదివిన ప్రతి విద్యార్థికి ఈ పేరు పరిచితమే. కాని పేరు తెలియుట వేరు, మనిషి తెలియుట వేరు. అందుచేత ఆయన జీవితాన్ని, ప్రత్యేకించి మన కడప కర్నూలు సీమల మీదుగా ఆయన సాగించిన ప్రయాణాన్ని, మా విద్యార్థుల ముందుంచ సంకల్పించినాము.

వీరాస్వామి 1780లో చెన్నపట్నంలో జన్మించినాడు. నియోగి బ్రాహ్మణ కుటుంబం. తండ్రి సామయమంత్రి. కుమారునికి తొమ్మిదేండ్లు నిండునప్పటికే తండ్రి గతించినాడు. అది కుంఫిణీ పాలన వేళ్లూనుకొనుచున్న కాలం. ఇంగ్లీషు నేర్చినవానికి కొలువు దొరకు కాలం. తండ్రి లేని ఆ బాలుడు పట్టుదలతో ఇంగ్లీషు అభ్యసించి, పన్నెండేండ్ల ప్రాయంలోనే కచేరీ పనులలో ప్రవేశించినాడు. అంచెలంచెలుగా ఎదిగి చివరకు మద్రాసు సుప్రీంకోర్టులో ప్రధాన ద్విభాషి అయినాడు.

ద్విభాషి పదవి అనగా నేటి విద్యార్థులకు అంతగా తెలియకపోవచ్చును. న్యాయమూర్తులు ఇంగ్లీషు దొరలు. వాది ప్రతివాదులు, సాక్షులు తెలుగువారో, తమిళులో, హిందూస్థానీ మాట్లాడువారో అయి ఉండేవారు. వీరి నడుమ నిలిచి, ఒకరి మాటను మరొకరికి తూకం తప్పకుండా అందించుట ద్విభాషి పని. ఒక పదం అధికమైనా, ఒక పదం తక్కువైనా ఒక కుటుంబం ఆస్తి పోవచ్చును, ఒక మనిషి చెరసాల పాలు కావచ్చును. ఈ వృత్తి వీరాస్వామికి అలవరచిన గుణమే ఆయన గ్రంథానికి ప్రాణమైనదని మా అభిప్రాయం. ఆయన విన్నదానిని విన్నట్లు, చూచినదానిని చూచినట్లు చెప్పుటకు అలవాటుపడిన మనిషి.

1830 మే 18వ తేదీన ఆయన చెన్నపట్నం నుండి కాశీకి బయలుదేరినాడు. కుటుంబము, పరివారము కలిసి సుమారు నూరుమంది. ఆయనకు పల్లకి, మోయుటకు బోయీలు, దిగినచోట వేయుటకు డేరాలు, వంట సామగ్రి, కావళ్లు. అదే సంవత్సరం సెప్టెంబరు మాసంలో ఇంగ్లండులో లివర్‌పూల్ మాంచెస్టర్ నగరాల మధ్య రైలుమార్గం ప్రారంభమైనది. మద్రాసు రాజధానికి మొదటి రైలు వచ్చుటకు 1856 వరకు ఆగవలసి వచ్చినది. అనగా వీరాస్వామి ప్రయాణం ఒక యుగానికి చివరి అంచున జరిగిన ప్రయాణం. మనిషి కాలినడక వేగంతో దేశాన్ని చూచిన కాలమది.

ఆయన స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లె. దారిలో చూచిన వింతలన్నిటిని వ్రాసి పంపవలెనని ఆయన కోరినాడు. ఆ కోరికను మన్నించి వీరాస్వామి మజిలీ మజిలీకి వ్రాసిన దినచర్యయే తరువాత కాశీయాత్ర చరిత్ర అయినది. ఏ దినం ఎన్ని ఆమడలు నడిచినది, బాట రాతిదా ఇసుకదా, మంచి నీరున్నదా లేదా, ఊరిలో ఎన్ని ఇండ్లున్నవి, బియ్యము పప్పు దొరకునా, దిగుటకు సత్రమున్నదా, డేరా వేసికొనవలెనా అను విషయాలు ఆయన విసుగు లేకుండా నమోదు చేసినాడు. తన వెనుక రాబోవు పేద యాత్రికునికి ఇది దారి చూపవలెనన్న తలంపు ప్రతి పుటలోను కనిపిస్తుంది.

తిరుపతి సేవించి, కోడూరు, ఒంటిమిట్టల మీదుగా ఆయన కడపకు వచ్చినాడు. వేసవి ఇంకను తీరని దినాలు. కడప నుండి అహోబిలం, అక్కడ నుండి మహానంది, పిమ్మట ఆత్మకూరు. ఈ మార్గమంతయు ఒక ప్రక్క నల్లమల గోడవలె నిలిచియుండగా, దాని నీడన సాగు మార్గం. కడప సీమ అప్పటికి కుంఫిణీ పాలనలో ముప్పది సంవత్సరాలుగా ఉన్నది. 1800లో నిజాం దత్తమండలాలను కుంఫిణీకి అప్పగించిన సంగతి చరిత్ర విద్యార్థులకు తెలిసినదే. కాని కందనూరు, అనగా నేటి కర్నూలు, నవాబు గులాం రసూల్ ఖాను ఏలుబడిలో ఉండెను. శ్రీశైలం ఆ నవాబు సీమలోనిది.

ఆత్మకూరు శ్రీశైల యాత్రకు వాకిలి వంటిది. అక్కడ నవాబు తరఫున అములుదారుడుండి, కొండకు పోవు యాత్రికుల వద్ద సుంకం వసూలు చేసేవాడు. మనిషికింత, గుర్రానికింత, స్వామికి అభిషేకం చేయించినచో ఇంత అని ఏర్పాటు ఉండేది. సుంకం చెల్లించినవారికే ముందుకు పోవు అనుమతి. వీరాస్వామి దీనిని వివరంగా వ్రాసినాడు. యాత్రికుల నుండి ఇంత ఆదాయం వచ్చుచుండగా, వారికి బాటలో కలుగు సౌకర్యం స్వల్పమని ఆయన మనసు నొచ్చుకున్నాడు.

ఆత్మకూరు దాటిన పిదప నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా ఆనాటి కాలిబాట. నేటి వాహనాల బాట ఇది కాదు. శివరాత్రికి కాలినడకన పోవు భక్తులు నేటికిని ఈ పాతబాటనే పట్టుదురు. కొన్ని తావుల రాతిమెట్లు. శ్రీశైలానికి మెట్లు కట్టించిన పుణ్యం రెడ్డిరాజైన ప్రోలయ వేమారెడ్డికి చెందినది. భీముని కొలను వద్ద లోయలోనికి దిగి, మరల ఎదుటి కొండ ఎక్కవలెను. పల్లకీ మోయువారికి ఆ దిగుట, ఎక్కుట ఎంతటి శ్రమయో ఊహించుకొనవచ్చును. అడవి చెంచులది. బాట ఎఱిగినవారు వారే, బాట కాచినవారు వారే. వారి సాయం లేనిదే ఆ కాలంలో పట్టణవాసి ఎవ్వడును మల్లికార్జునుని గుడి చేరగలిగేవాడు కాడు.

ఇక్కడ ఒక విషయాన్ని మేము దాటవేయదలచుకోలేదు. మా కళాశాలలో చదువు విద్యార్థులలో అధికులు ముస్లిములు. నవాబు హిందూ యాత్రికుల వద్ద సుంకం తీసికొనెనన్న మాట చదివినప్పుడు కొందరికి మనసు చివుక్కుమనవచ్చును. మరికొందరు ఈ మాటనే పట్టుకొని లోకమంతటికి ఒక తీర్పు చెప్పనెంచవచ్చును. రెండును తొందరపాటే. వీరాస్వామి గ్రంథాన్ని చివరి వరకు చదివినవానికి సంగతి తెలియును. ప్రయాగలో, గయలో, పూరీ జగన్నాథంలో యాత్రికుల వద్ద పన్ను వసూలు చేసినది ఎవరు? క్రైస్తవులైన ఇంగ్లీషు దొరల కుంఫిణీ సర్కారు. ఆ పన్నులు 1840లో గాని రద్దు కాలేదు. కనుక ఇది ఒక మతం మరియొక మతంపై విధించిన పన్ను అనుటకన్న, బొక్కసం నింపుకొనదలచిన ప్రభుత్వం భక్తుని జేబుపై విధించిన పన్ను అనుట న్యాయం. పన్ను తీసికొన్నవాడు బాట బాగు చేసినాడా లేదా అన్నదే వీరాస్వామి వేసిన ప్రశ్న. ఆ ప్రశ్న ఏ ప్రభుత్వాన్నయినా అడుగదగినదే. కందనూరు నవాబు ఆ ప్రశ్నకు మంచి జవాబు చెప్పగలిగియుండెడివాడు కాడని ఒప్పుకొనుటలో మాకు సంకోచం లేదు. 1839లో కుంఫిణీవారు ఆయన రాజ్యాన్ని స్వాధీనం చేసికొని ఆయనను తిరుచిరాపల్లికి పంపినారు. మరుసటి సంవత్సరమే అక్కడ ఆయన హత్యకు గురియైనాడు.

అదే విధంగా వీరాస్వామి కూడ లోపం లేని సాక్షి కాడు. ఆయన కుంఫిణీవారి కొలువులో పెరిగిన మనిషి. ఇంగ్లీషువారి సీమలో ఆయనకు కనిపించిన నెమ్మది నవాబుల సీమలో కనిపించలేదు. హైదరాబాదు వీధులలో ఆయుధాలు ధరించి తిరుగు జనాన్ని చూచి ఆయన కలత చెందినాడు. అది కొంత నిజం, కొంత ఆయన కొలువు నేర్పిన చూపు. సాక్షి చెప్పినదానిని వినవలెను, సాక్షి ఎక్కడ నిలిచి చూచినాడో కూడ చూడవలెను. చరిత్ర చదువుట అనగా ఇదియే.

మరియొక సంగతి మన ఉర్దూ, తెలుగు విద్యార్థులిరువురికిని ప్రియమైనది. ఆ గ్రంథంలోని తెలుగు పండితుల గ్రాంథికం కాదు, చెన్నపట్నంలో ఒక ఉద్యోగి మాట్లాడిన తెలుగు. అందులో అరబ్బీ, పారసీ భాషల నుండి వచ్చిన మాటలు ఇంటి మాటలవలె ఒదిగియున్నవి. మజిలీ అరబ్బీలోని మంజిల్. కసుబా అరబ్బీ నుండియే వచ్చినది. అములుదారులో అమల్ అరబ్బీ, దార్ పారసీ. సవారీ పారసీ. నేడు మనం పెద్ద రోడ్డుకు వాడు రహదారి అను మాట కూడ పారసీయే. రాహ్ అనగా దారి. రాహ్‌దారీ అనగా మొదట దారి కాయుట, అందులకై తీసికొను సుంకం. సుంకం చెల్లించినవానికిచ్చు చీటి రహదారి చీటి. కాలక్రమంలో సుంకం మాట మరుగున పడి, దారి మాట మిగిలినది. శ్రీశైలం రహదారిపై పోవు ప్రతివాడును తెలియకయే ఈ రెండు భాషల చెలిమిని పలుకుచున్నాడు.

శ్రీశైల దర్శనానంతరం వీరాస్వామి కృష్ణానదిని దాటి నిజాం రాజ్యంలో ప్రవేశించినాడు. కృష్ణాతీరాన ఆయన చూచిన నివృత్తి సంగమం, అనగా సంగమేశ్వరం, నేడు శ్రీశైలం జలాశయంలో మునిగియున్నది. వేసవిలో నీరు తగ్గినప్పుడు మాత్రమే ఆ గుడి బయటపడుతుంది. పానగల్లు, జడచర్లల మీదుగా ఆయన హైదరాబాదు చేరినాడు. నాసిరుద్దౌలా నిజాముగా, చందూలాల్ పేష్కారుగా ఉన్న కాలమది. హుసేన్ సాగరు కట్టను, రెసిడెన్సీ భవనాన్ని, బజారులను ఆయన శ్రద్ధగా చూచినాడు. అక్కడ నుండి నిర్మల, నాగపూరు, జబ్బల్‌పూరుల మీదుగా ప్రయాగ, అటుపై పడవలో కాశీ. కాశీ నుండి పాట్నా, గయ, కలకత్తా. తిరుగు ప్రయాణం పూరీ, గంజాం, శ్రీకాకుళం, విశాఖపట్నం, రాజమహేంద్రవరం, నెల్లూరు మీదుగా. 1831 సెప్టెంబరు 3వ తేదీన ఆయన చెన్నపట్నం చేరినాడు. సుమారు పదిహేనున్నర మాసాల ప్రయాణం.

తిరిగి వచ్చిన పిమ్మట ఆయన ఎక్కువ కాలం జీవించలేదు. 1832, 1833 సంవత్సరాలలో గుంటూరు సీమను నాశనం చేసిన నందన కరవులో, అన్నం కొరకు చెన్నపట్నానికి చేరిన జనాన్ని ఆదుకొన్నవారిలో ఆయన ఒకడు. 1836లో ఆయన పరమపదించినాడు. స్నేహితుని వ్రాతలను శ్రీనివాసపిళ్లె జాగ్రత్తచేసి 1838లో అచ్చువేయించినాడు. 1869లో రెండవ ముద్రణ వచ్చినది. 1941లో దిగవల్లి వేంకట శివరావుగారు వివరమైన పీఠికతో, అనుబంధాలతో మూడవ ముద్రణ వెలువరించి ఈ గ్రంథానికి పునర్జన్మనిచ్చినారు. 1973లో ఆంగ్లానువాదం వచ్చినది. ఒక స్నేహితుడు వ్రాయుమని అడుగకున్నచో, ఆ వ్రాతలను దాచకున్నచో, నేడు మనకు ఈ గ్రంథం లేదు. గ్రంథానికి కర్త ఒక్కడైనను దానిని నిలిపినవారు పలువురని ఈ కథ తెలుపుచున్నది.

వీరాస్వామి జీవితం నుండి మా విద్యార్థులు గ్రహింపవలసినదేమి? పల్లకీ యుగం పోయినది, మోటారు యుగం వచ్చినది. వేగం పెరుగుట తప్పు కాదు. నల్లమల మలుపులలో వేగం ప్రాణాంతకమన్న మాట మాత్రం యువకులు మరువరాదు. కాని అంతకు మించిన సంగతి మరొకటి కలదు. ఒక పూటలో శ్రీశైలం పోయి వచ్చినవాడు, దారిలోని ఊరి పేరు అడుగకుండ, నీరు ఏ దిక్కున పారుచున్నదో చూడకుండ, చెంచుగూడెంలో ఎవరున్నారో తెలిసికొనకుండ తిరిగివచ్చినచో, అతడు దూరాన్ని దాటినాడే గాని ప్రయాణం చేయలేదు. ఈసారి సెలవులలో ఎటు పోయినను, చేతిలో ఒక నోటుపుస్తకం ఉంచుకొని, దినానికి పది పంక్తులు వ్రాయుడని మా విద్యార్థులను కోరుచున్నాము.

కళాశాల కమిటీ పెద్దలకు కూడ మా మనవి ఒకటి కలదు. కాశీయాత్ర చరిత్రలో కడప నుండి హైదరాబాదు వరకు గల భాగం మన సీమ చరిత్ర. మన గ్రంథాలయంలో ఆ పుస్తకం రెండు మూడు ప్రతులైనను ఉండుట అవసరం. తెలుగు విద్యార్థులు ఆ భాగాన్ని చదివి వినిపించగా, ఉర్దూ విద్యార్థులు దానిని ఉర్దూలోనికి మార్చి, వచ్చే సంవత్సరపు సంచికలో రెండు భాషలలోను ప్రకటించవచ్చును. జీవితమంతయు రెండు భాషల నడుమ నిలిచి న్యాయంగా మాట చేరవేసిన ఆ ద్విభాషికి, రెండు భాషల కళాశాల చెల్లింపదగిన గౌరవం ఇదియేనని మా విశ్వాసం.