మలేరియా మర్మము నెఱిగిన రాసు దొర

మన భిక్నూరు మీదుగా పోవు రైలుమార్గమందలి సికింద్రాబాదున, 1897 ఆగస్టు 20వ తేదీన మలేరియా యను చలిజ్వరపు మర్మము బయల్పడెను. దానిని కనుగొన్న సర్ రొనాల్డ్ రాసు 1857లో హిమాలయప్రాంతమగు అల్మోరాలో జన్మించెను. తండ్రి సేనాధికారి. కావ్యసంగీతములపై మక్కువ యున్నను, రాసు తండ్రి కోరికపై వైద్యము నభ్యసించి, 1881లో భారత వైద్యసేవయందు ప్రవేశించెను.

1894లో లండనున పాట్రిక్ మాన్సను అను పెద్దవైద్యుడు ఆయనకు సూక్ష్మదర్శినిలో మలేరియా క్రిములను జూపి, దోమలను శోధింపుమని ప్రోత్సహించెను. మరుసటి యేట రాసు సికింద్రాబాదు చేరి, దండులోని రోగులకు మందిచ్చుచునే పరిశోధన సాగించెను. సముద్రమున కావలనుండి గురువు జాబులతో దారి చూపెను. శిష్యుని ఫలితములను పండితసభలకు విన్పించెను. ప్రభుత్వమునకు సిఫారసు చేసెను. దోమలు చచ్చిపడిన నీటిని త్రాగుటచే జ్వరము వచ్చునని గురువు తలంచెను. ఆ తలంపు తప్పు. కాని దోమను విడువవలదన్న బోధ సత్యమయ్యెను.

హుస్సేన్ ఖాన్ అను రోగి దోమకొక అణా చొప్పున పుచ్చుకొని కుట్టించుకొనెను. అట్లు రక్తము పీల్చిన దోమ యొకదాని కడుపుగోడలో రాసునకు క్రిమి కానవచ్చెను. 1898లో కలకత్తాయందు పక్షులపై శోధించి, దోమకాటువలననే యీ వ్యాధి ప్రాకునని నిరూపించెను. 1902లో నోబెల్ బహుమానము నందెను.

పిమ్మట కీర్తివిషయమున గురుశిష్యుల నడుమ వైమనస్యము పుట్టుట విచారకరము. 1922లో మాన్సను, 1932లో రాసు గతించిరి. కలహము వారితోనే పోయెను. ఆ జాబుల ఫలము మాత్రము, ఊరూర నిలువనీటిని తొలగించు పనియై నేటికిని నిలిచియున్నది.