హైదరాబాదున ఎలక్ట్రానిక్సు విద్యకు పీట వేసిన అయ్యగారి సాంబశివరావు

హైదరాబాదు నగరమునకు పడమట మాదాపురము, గచ్చిబౌలి ప్రాంతములలో నేడు హైటెక్ సిటీ యను పేర నొక క్రొత్త పట్టణమే వెలసియున్నది. 1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజపేయిగారు సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించినది మొదలు, అచ్చటి బండరాళ్ల నడుమ అద్దాల మేడలు వరుసగా లేచినవి. ఆ మేడలలో కంప్యూటర్ల కొరకు ప్రోగ్రాములు వ్రాయువారే కాక, చిప్పుల నమూనాలు గీయువారును వేలకొలదిగా నున్నారు. గోటియంత సిలికాను పలుకుపై కోట్లాది ట్రాన్సిస్టర్లు ఎచ్చటెచ్చట నుండవలెనో, వానిని కలుపు తీగలు ఏ దారిన పోవలెనో నిర్ణయించుట వారి పని. నమూనా ఇచ్చట పుట్టును. దానిని చిప్పుగా మార్చు కర్మాగారము మాత్రము సాధారణముగా తైవానులోనో, కొరియాలోనో, అమెరికాలోనో ఉండును.

ఇచ్చటనే యొక చిక్కు కలదు. ప్రతి కర్మాగారమునకును తన నియమావళి తనకుండును. తీగ ఇంతకన్న సన్నము కారాదు. రెండు తీగల నడుమ ఎడము ఇంతకన్న తగ్గరాదు. పై పొరను క్రింది పొరతో కలుపు రంధ్రము చుట్టు లోహము ఇంత మేర కప్పియుండవలెను. ఇట్టివి ఆ నియమములు. మితిమీరి సన్నమైనచో తీగ తెగును. దగ్గరైనచో రెండు తీగలు కలిసిపోవును. అచ్చు వేయునపుడు పొర రవంత ప్రక్కకు జరిగినచో రంధ్రము గురి తప్పును. ఒక కర్మాగారమునకై గీసిన నమూనాను మరియొక దానికి పంపదలచినచో ఈ కొలతలన్నియు మారును గనుక, నమూనాను తిరిగి మలచవలసి వచ్చును. నూరవ నెంబరు నూలుపై కుదిరిన అంచు పూవును నలువదవ నెంబరు నూలుపై నేయబూనిన నేతగానికి కలుగు కష్టమే ఇది. పూవు పూవుగానే కనబడవలెను. కాని పోగుల లెక్క మరల వేసికొనక తప్పదు.

చిప్పుల నిర్మాణము మన దేశమున అడుగిడక పూర్వమే ఈ పోగుల లెక్కను వేరొక రూపమున ఎదుర్కొనిన తెలుగు విజ్ఞాని యొకరు ఈ నగరమునందే పనిచేసిరి. నగరమునకు తూర్పు దిక్కున తిరుగు సిటీబస్సుల నుదుట ఏ.ఎస్.రావు నగర్ అను పేరు నిత్యము కానవచ్చును. ఆ బస్సు నెక్కి దిగు విద్యార్థులలో ఆ రావుగారెవరో ఎరిగినవారు కొలదిమందియే యుందురు. ఆయన పూర్తి పేరు అయ్యగారి సాంబశివరావు.

సాంబశివరావుగారు 1914వ సంవత్సరము సెప్టెంబరు 20వ తేదీన, నేటి పశ్చిమ గోదావరి జిల్లాలో భీమవరమునకు చేరువనున్న మోగల్లు గ్రామమున జన్మించిరి. వరిచేలు, కాలువలు తప్ప యంత్రములన్నవి అరుదైన సీమ అది. ఆ పల్లె నుండి బయలుదేరిన బాలుడు ఉన్నత విద్యకై కాశీ చేరి, హిందూ విశ్వవిద్యాలయమున ఎం.ఎస్సీ. పట్టము నందెను. పిదప కొన్ని సంవత్సరములు ఆ విశ్వవిద్యాలయముననే అధ్యాపకుడుగా నుండెను. మహా సంస్థకు అధిపతియైన వ్యక్తి తొలుత ఉపాధ్యాయుడను సంగతి మన ఉపాధ్యాయులు గమనింపదగినది. పాఠము చెప్పువాడు ఒక విషయమును కంఠస్థము చేసి గట్టెక్కలేడు. ఎందువలన అని విద్యార్థి అడిగిన క్షణమున కారణము చూపవలసియుండును. కారణమును వెదకు ఆ అలవాటు సాంబశివరావుగారి జీవితమున కడవరకు నిలిచినది.

1940 దశకము నడుమ ఆయన టాటా విద్యార్థి వేతనముతో అమెరికా వెళ్లి, స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు చదివిరి. కాలిఫోర్నియాలోని ఆ విశ్వవిద్యాలయ పరిసరములే తరువాతి కాలమున సిలికాన్ వ్యాలీగా ప్రపంచమంతట పేరు మోసినవి. కాని రావుగారు అచ్చట చదువు నాటికి సిలికాను మాట లేదు. అది వాల్వుల కాలము. గాజు బుడ్లవంటి ఆ వాల్వులే రేడియోలకును, కొలత పరికరములకును ప్రాణము. ట్రాన్సిస్టరు 1947వ సంవత్సరాంతమున పుట్టినది. అనేక ట్రాన్సిస్టర్లను ఒకే పలుకుపై నిర్మించు ఇంటిగ్రేటెడ్ సర్క్యూటు 1958, 1959 సంవత్సరములలో గాని రూపొందలేదు.

స్వదేశమునకు వచ్చిన పిమ్మట ఆయన బొంబాయిలో డాక్టరు హోమీ భాభాగారి నాయకత్వమున పనిచేసిరి. భాభాగారు 1945లో నెలకొల్పిన టాటా మౌలిక పరిశోధన సంస్థలో కాస్మిక్ కిరణముల పరిశోధన జరుగుచుండెను. అట్టి పరిశోధనకు కంటికి కనబడని కణములను లెక్కించు పరికరములు కావలెను. విదేశములనుండి తెప్పింపవలెనన్న ధనము చాలదు, కాలము చాలదు. విదేశీ పుస్తకమున నున్న సర్క్యూటు పటమును చూచి చేయుదమన్న, ఆ పటము ఏ వాల్వును తలచి గీసిరో ఆ వాల్వు మన బజారున దొరకదు. దొరికిన దానిని పెట్టిన, సర్క్యూటు పనిచేయదు. లేదా ఈనాడు పనిచేసి రేపు మానుకొనును.

దీని మర్మము విద్యార్థులు తెలిసికొనదగినది. సంకేతమును నూరు రెట్లు పెంచు సర్క్యూటు కావలెననుకొందము. ఒక జాతి వాల్వుపైననో, ఒక జాతి ట్రాన్సిస్టరుపైననో పూర్తిగా ఆధారపడి దానిని కట్టినచో, ఆ భాగము మారినంతనే పెంపు మారిపోవును. కాని బయటికి వచ్చిన సంకేతములో కొంత భాగమును వెనుకకు మళ్లించి, లోనికి వచ్చుదానికి ఎదురు కలిపినచో, మొత్తపు పెంపు ఆ వాల్వుపై గాక రెండు రెసిస్టర్ల నిష్పత్తిపై ఆధారపడును. రెసిస్టర్లను నమ్మకముగా చేయుట సులభము. భాగముల గుణము ఎగుడుదిగుడుగా నున్నను సర్క్యూటు నిలకడగా నుండును. కొలతను మాత్రమే నకలు చేసినవానికి ఈ మార్గము తోచదు. కారణమెరిగినవాడు మాత్రమే, దొరికిన సామగ్రికి తగినట్లు నమూనాను మార్చుకొనగలడు.

ఈ విద్యకు పెద్ద పరీక్ష ట్రాంబేలో వచ్చినది. 1956వ సంవత్సరము ఆగస్టు 4వ తేదీన అప్సర యను అణు రియాక్టరు అచ్చట పనిచేయ నారంభించెను. సోవియట్ దేశమును మినహాయించినచో ఆసియా ఖండమున అదియే మొదటిది. ఇంధనము బ్రిటన్ నుండి వచ్చినది. కాని రియాక్టరును అదుపున నుంచు ఎలక్ట్రానిక్ పరికరములు సాంబశివరావుగారి బృందము చేతిలో రూపొందినవి. రియాక్టరులోని కణముల సంఖ్య హద్దు దాటబోవునప్పుడు ఆ పరికరము తక్షణము గుర్తించి, నియంత్రణ కడ్డీలను దింపవలెను. అచ్చట పొరపాటుకు తావు లేదు. ఆ విజయముతో ఈ దేశమున ఎలక్ట్రానిక్సు పరికరములను చేయవచ్చునను ధైర్యము చేయువారికే కలిగినది. 1960లో ఆయనకు పద్మశ్రీ, 1965లో శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమతి, 1972లో పద్మభూషణ్ లభించినవి.

1962లో చైనాతో జరిగిన యుద్ధము, ఎలక్ట్రానిక్సు విషయమున మన దేశము ఎంత పరాధీనమైయున్నదో తేటతెల్లము చేసెను. మరుసటి సంవత్సరము భాభాగారి అధ్యక్షతన ఒక సంఘము ఏర్పడెను. అందు సాంబశివరావుగారును సభ్యులు. 1966 జనవరిలో భాభాగారు ఆల్ప్సు పర్వతములలో విమాన ప్రమాదమున మరణించిరి. గురుతుల్యుడైన నాయకుడు పోయినను ఆయన తలపెట్టిన పని ఆగలేదు. 1967వ సంవత్సరము ఏప్రిల్ 11వ తేదీన హైదరాబాదున ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా సంస్థ ఆవిర్భవించెను. ఈ.సి.ఐ.ఎల్. అని మనము వ్యవహరించు ఆ సంస్థకు సాంబశివరావుగారు తొలి సారథియై 1978 వరకు నడిపిరి.

ప్రయోగశాలలో ఒక పరికరమును చేయుట వేరు, కర్మాగారమున వందలు చేయుట వేరు. ప్రయోగశాలలో నేర్పరియైన ఇంజనీరు ప్రతి భాగమును ఏరి, సరిపడనిదానిని తీసివేసి, చేతితో సవరించును. కర్మాగారమున అట్లు సాగదు. పెట్టెలోనుండి ఏ భాగము చేతికి వచ్చినను పరికరము పనిచేయవలెను. కనుక ట్రాంబే నమూనాలను హైదరాబాదు కర్మాగారమునకు తెచ్చుటయే యొక అనువాదము. ట్రాంబేలో రూపొందిన టి.డి.సి.-12 అను కంప్యూటరు 1969లో ప్రారంభమయ్యెను. అది ఒక్కొక్క మాటను పండ్రెండు బిట్లలో దాచును. అనగా ఒక్క మాటలో 4096 వేర్వేరు విలువలను చూపగలదు. ఆ వంశముననే ఈ.సి.ఐ.ఎల్. టి.డి.సి.-312ను, పదునారు బిట్ల టి.డి.సి.-316ను తయారుచేసెను. అణు విద్యుత్కేంద్రములకు నియంత్రణ పరికరములు, ఇండ్లకు ఈ.సి. టెలివిజన్ పెట్టెలు ఆ కర్మాగారమునుండి వెలువడినవి. 1974లో పోఖ్రాన్ పరీక్ష తరువాత విదేశములు అణురంగమున సాయము మానుకొనినపుడు, ఇచ్చటివారు నేర్చిన విద్యయే అక్కరకు వచ్చెను.

ఈ మార్గమున లోపములు లేవనుట సత్యము కాదు. అన్నియు మనమే చేయవలెననిన ఆలస్యమగును, ఖర్చగును. ఇచ్చట ఒక కంప్యూటరు కర్మాగారము దాటులోపల అమెరికాలో రెండు తరములు మారుచుండెను. ఒక్క ప్రభుత్వ సంస్థ దేశపు అవసరములన్నియు తీర్చలేదను విమర్శ బలపడినది. 1970 దశకము చివర ప్రైవేటు సంస్థలకును చిన్న కంప్యూటర్ల తయారీకి తలుపులు తెరచిరి. ఆ విమర్శలో న్యాయము కలదు. అయినను ఆ సంస్థలో పనిచేసినవారు సర్క్యూటు పటమును చూచి ఇది ఇట్లేల యున్నదని అడుగ నేర్చిరి. యంత్రములు పాతబడినవి, ఆ ప్రశ్న పాతబడలేదు.

సాంబశివరావుగారు ఆ సంస్థ బాధ్యత విడిచిన రెండేండ్లకు, 1980లో, అమెరికాలో కార్వర్ మీడ్, లిన్ కాన్వే అను ఇరువురు ఒక గ్రంథమును ప్రకటించిరి. చిప్పు నమూనాలోని కొలతలన్నిటిని ఒకే మూలమానముతో చెప్పవచ్చునని వారు చూపిరి. ఆ మానమునకు లాంబ్డా అని పేరు. తీగ వెడల్పు రెండు లాంబ్డాలు, ఎడము మూడు లాంబ్డాలు, ఇట్లు గీసినచో, కర్మాగారము మారినపుడు లాంబ్డా విలువను మార్చిన చాలును. నమూనా అంతయు దామాషాగా పెరుగును, తరుగును. విద్యార్థులు సైతము చిప్పులు గీయుటకు అది రాజమార్గమైనది.

కాని కొలతలు సూక్ష్మమైన కొలది ఆ సులువు చెల్లలేదు. మొహాలీలోని మన ప్రభుత్వ చిప్పుల కర్మాగారము 1984లో 5 మైక్రానుల కొలతతో మొదలైనది. అది తలవెంట్రుక మందములో సుమారు పదునైదవ వంతు. నేడు అచ్చట 180 నానోమీటర్ల చిప్పులు చేయుదురు. విదేశములలో అంతకన్న ఎంతో సన్నని పనితనము నడచుచున్నది. అంత సూక్ష్మమున పొరలన్నియు ఒకే దామాషాలో కుంచించుకొనవు. అచ్చు వేయు కాంతి తరంగమే గీయవలసిన గీతకన్న పొడవైనది. ఇటీవలి ట్రాన్సిస్టరు చేప రెక్కవలె నిలువుగా నిలుచును. రెక్కలు రెండుండవచ్చును, మూడుండవచ్చును, రెండున్నర యుండుటకు వీలులేదు. అందుచేత హైటెక్ సిటీలోని ఇంజనీరు పాత నమూనాను క్రొత్త కర్మాగారమునకు మార్చునపుడు, సర్క్యూటు భావమును నిలుపుకొని, ట్రాన్సిస్టర్ల కొలతలను తిరిగి లెక్కించి, పటమును మరల గీసి, నియమములతో పోల్చి, పటము సర్క్యూటుతో సరిపోయినదో లేదో చూచి, వేగమును, విద్యుత్తు ఖర్చును తిరిగి పరీక్షింపవలెను. కంప్యూటరు ఇందులో ఎంతో సాయము చేయును. ఏ కొలతను మార్చవచ్చునో, ఏ సంబంధమును మార్చరాదో నిర్ణయించుట మాత్రము మనుష్యుని వివేకమునకే మిగిలియున్నది.

సాంబశివరావుగారు 2003వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీన స్వర్గస్థులైరి. అప్పటికి సైబర్ టవర్స్ నిలిచి అయిదేండ్లు కావచ్చెను. తూర్పున ఆయన కర్మాగారము, పడమట అద్దాల మేడలు. ఒకచోట చేతులు నల్లబడు పని, వేరొకచోట తెరపై గీతలు. చూచుటకు రెండును వేరు లోకములు. కాని రెంటియందును కష్టము ఒక్కటే. నమూనా తనంతట తాను గొప్పది కాదు. దానిని చేయు చేతికిని, యంత్రమునకును తగినప్పుడే అది వస్తువగును. పరుల కొలతలను వల్లించినవాడు, ఆ కర్మాగారము తలుపు మూసిననాడు చేతులు ముడుచుకొనును. కొలత వెనుకనున్న కారణమును పట్టినవాడు మరియొక తలుపు తట్టి, నమూనాను తిరిగి మలచుకొనును. మోగల్లు నుండి వచ్చిన ఆ ఉపాధ్యాయుడు ఈ నగరమున నాటినది ఆ రెండవ విద్య. బస్సు నుదుటి పేరు చదివిన విద్యార్థి దానిని కూడ నేర్చినచో, ఆ పేరు సార్థకమగును.